భరత్‌పూర్ సిన్‌సిన్‌వార్ జాట్ల గురించి తెలిసినవాళ్ళు చెప్పండి (పాప సంబంధం విషయం)

కర్నూలు టీచరమ్మ:

అందరికీ నమస్కారం. మాది కర్నూలు, హైస్కూల్లో లెక్కలు చెబుతాను. మా పాప గురుగ్రామ్‌లో ఉద్యోగం చేస్తోంది. ఆఫీసులో పరిచయమైన అబ్బాయిని చేసుకుంటానని చెప్పింది. అబ్బాయిది రాజస్థాన్, భరత్‌పూర్‌కు దగ్గర్లో పల్లెటూరు. జాట్లు, గోత్రం సిన్‌సిన్‌వార్ అట. అబ్బాయితో మాట్లాడాం, మా ఇద్దరికీ నచ్చాడు. వచ్చే నెలలో వాళ్ళ అమ్మానాన్న, పెదనాన్న మా ఇంటికి వస్తున్నారు.

మన వైపు సంబంధమైతే ఇంటిపేరు, ఊరు తెలిస్తే చాలు. ఆదోనిలో ఒకరిని, డోన్‌లో ఒకరిని అడిగితే సాయంత్రానికల్లా వాళ్ళ ముత్తాత సంగతి కూడా తెలిసిపోతుంది. ఈ సంబంధానికి అడగడానికి నాకు మనిషి లేడు. బిడ్డను ఎవరింటికి పంపుతున్నానో తెలుసుకోకుండా నాకు నిద్ర పట్టదు.

అబ్బాయి నాన్నగారు ఫోన్లో చాలా మర్యాదగా మాట్లాడారు. "మేము యదువంశం వాళ్ళం, శ్రీకృష్ణుడి సంతతి. మా పెద్దలు ఆగ్రా కోట గెలిచారు" అన్నారు. మా మరిది ఏమో జాట్లు శకులు, ఎప్పుడో బయటి దేశాల నుంచి వచ్చారని చెబుతున్నాడు. ఏది నిజం? వీళ్ళ వంశం ఎక్కడ మొదలైంది?

ఇంకొకటి ఉంది, నాకు ఎక్కువ టెన్షన్ దాని గురించే. వాళ్ళు పాప గోత్రంతో పాటు నా పుట్టింటి గోత్రం, నాన్నమ్మ గోత్రం, అమ్మమ్మ గోత్రం కూడా అడిగారు. మాది మేనరికం. నేను మా అమ్మ సొంత తమ్ముడినే చేసుకున్నాను. అంటే పాప గోత్రం, వాళ్ళ అమ్మమ్మ పుట్టింటి గోత్రం ఒకటే. మా ఇళ్ళల్లో ఇది గౌరవమైన సంబంధం, మా అవ్వే కుదిర్చింది. వాళ్ళు ఎలా తీసుకుంటారో తెలియదు. చెప్పాలా, చెబితే ఎలా చెప్పాలి?

మాజీ సుబేదార్, కడప:

అమ్మా, నేను ఆర్మీ సిగ్నల్స్‌లో చేసి రిటైరయ్యాను. మథురలో చాలాకాలం ఉన్నాను. భరత్‌పూర్ అక్కడికి పక్కనే. మా యూనిట్లో సిన్‌సిన్‌వార్ అబ్బాయిలు ఉండేవాళ్ళు, వాళ్ళ ఊళ్ళకు పోయాను, వాళ్ళ ఇళ్ళల్లో అన్నం తిన్నాను. కాబట్టి నేను చూసిన మేరకు చెబుతాను.

సిన్‌సినీ అని డీగ్ పట్టణానికి దగ్గర్లో ఒక ఊరుంది. ఆ ఊరే వాళ్ళకు మూలం. అక్కడి నుంచి పెరిగి చుట్టుపక్కల పల్లెలన్నిటికీ పాకారు. భరత్‌పూర్ రాజులు కూడా ఈ గోత్రం వాళ్ళే. అంతమాత్రాన మీ వియ్యంకులు రాజుల కుటుంబం అనుకోవద్దు. మామూలు రైతులు, మిలిటరీ వాళ్ళు, పోలీసులు, టీచర్లు అందరికీ అదే గోత్రం. పేదవాడికీ ఆ పేరంటే గర్వమే. పెద్ద మనుషులు బైఠక్‌లో, అంటే మగవాళ్ళు కూర్చునే గదిలో, హుక్కా పెట్టుకుని కూర్చున్నారంటే మాట ఎక్కడ మొదలైనా పాతకాలపు భరత్‌పూర్ మహారాజు సూరజ్‌మల్ దగ్గరకే వస్తుంది.

గోత్రం సంగతి. మనకు గోత్రం అంటే సంకల్పంలో పంతులుగారు అడిగితే చెప్పేది, సంబంధం చూసేటప్పుడు ఇంటిపేరు చూసుకుంటాం. వాళ్ళకు అన్నీ గోత్రమే. సొంత గోత్రంలో చేసుకోరు, తల్లి పుట్టింటి గోత్రంలో చేసుకోరు, నాన్నమ్మ గోత్రం కూడా వదిలేస్తారు. అమ్మమ్మ గోత్రం కొన్ని ఇళ్ళల్లో చూస్తారు, కొన్ని ఇళ్ళల్లో పట్టించుకోరు. అదే ఊళ్ళో అసలే చేసుకోరు. ఊరి ఆడపిల్ల ఎవరింటి బిడ్డయినా చెల్లెలి వరసే. నేను పోయిన పల్లెలో పెళ్ళయిన ఆడవాళ్ళందరూ బయటి ఊళ్ళ నుంచి వచ్చిన కోడళ్ళే. ఆ ఊళ్ళో పుట్టిన ఆడపిల్లలందరూ బయటికి పోయినవాళ్ళే.

అందుకని మేనమామను చేసుకున్నానంటే ముందు ఉలిక్కిపడతారు, అది మాత్రం ఖాయం. మా హవల్దార్ ఒకడితో మా అక్క పెళ్ళి మేనమామతోనే అయిందని చెబితే, నేను తమాషాకి అంటున్నానని నమ్మలేదు. వాళ్ళు మూడు నాలుగు గోత్రాలు అడిగేది ఎక్కడైనా వరస కలుస్తుందేమోనని. ఇక్కడ మీ గోత్రాలకూ వాళ్ళ గోత్రాలకూ పొత్తే లేదు. సంబంధానికి దీనివల్ల అడ్డం రాదు. కానీ మాటల మధ్యలో బయటపడితే బాగుండదు. వాళ్ళు రాకముందే పాప ఆ అబ్బాయికి వివరంగా చెప్పాలి, అబ్బాయి వాళ్ళ అమ్మకు చెప్పాలి. మన సీమలోనే కాదు, కర్ణాటకలో, తమిళనాడులో కూడా ఇది పూర్వం నుంచి ఉన్న ఆచారమేనని, చాటున జరిగింది కాదని వాళ్ళకు అర్థం కావాలి.

మేనమామ అంటే వాళ్ళకూ తక్కువ గౌరవమేం కాదు. నేను చూసిన పెళ్ళిలో పెళ్ళికూతురి మేనమామలు భాత్ తెచ్చారు. బట్టలు, నగలు, డబ్బు పళ్ళేల్లో పెట్టుకుని ఊరేగింపుగా వచ్చారు. అక్క గడప దగ్గరే తమ్ముణ్ణి పీట మీద నిలబెట్టి బొట్టు పెట్టి హారతిచ్చింది. ఆడవాళ్ళు పాటలు పాడుతుంటే ఆమె ఏడ్చేసింది. భాత్ రాకుండా ఆ ఇంట్లో పెళ్ళి కదలదు. మనకు మేనమామ పెళ్ళికూతుర్ని గంపలో ఎత్తుకొస్తాడే, అంత ముఖ్యం. మీ తమ్ముడో అన్నో ఉంటే ఆయన్ను ముందు వరసలో కూర్చోబెట్టండి, వాళ్ళకు వెంటనే దగ్గరితనం వస్తుంది.

యదువంశం సంగతి నాకంటే చదువుకున్నవాళ్ళు చెబితే బాగుంటుంది.

చరిత్ర మాస్టారు, అనంతపురం:

టీచర్‌గారూ, డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైనవాణ్ణి. మీ ప్రశ్నలో రెండు విషయాలు కలిసి ఉన్నాయి. జాట్లు మొత్తంగా ఎవరు అనేది ఒకటి, ఈ గోత్రం వాళ్ళు ఎవరు అనేది ఇంకొకటి.

మీ మరిదిగారు చెప్పిన శకుల మాట 19వ శతాబ్దంలో ఇంగ్లీషు అధికారులు జేమ్స్ టాడ్, కన్నింగ్‌హామ్ లాంటివాళ్ళు రాసింది. ముఖ్యంగా పేర్లలో పోలిక చూసి కట్టిన వాదం. దాని మీద ఒక వంశం పుట్టుక నిలబెట్టలేం. రాతల్లో దొరికే జాట్లు ముందు సింధు ప్రాంతంలో కనిపిస్తారు. 8వ శతాబ్దంలో అరబ్బులు సింధ్ గెలిచిన నాటి కథనాల్లో వీళ్ళు పశువులు, ఒంటెలు మేపుకునే జనం. 11వ శతాబ్దానికి పంజాబ్ వైపు జరిగారు. 1027లో గజనీ మహమూద్ సింధు నది మీద వీళ్ళతో పడవల యుద్ధం చేశాడు. ఆ తర్వాత శతాబ్దాల్లో నేల దున్నడం, బావినీళ్ళతో సేద్యం చేయడం మొదలుపెట్టి స్థిరమైన రైతులయ్యారు. అక్బర్ కాలానికి ఎన్నో పరగణాల్లో జమీందార్లు వీళ్ళే. మంద మేపుకునేవాళ్ళు నాగలి పట్టి, తర్వాత కత్తి పట్టి రాజ్యం కట్టిన చరిత్ర ఇది. నాకు ఇదే గొప్పగా అనిపిస్తుంది.

ఇక యదువంశం. సిన్‌సిన్‌వార్ల సంప్రదాయం ప్రకారం వాళ్ళ మూలపురుషుడు భరత్‌పూర్‌కు దగ్గర్లోని బయానా నుంచి వచ్చాడు. బయానా, కరౌలీ ప్రాంతాలు యదువంశం చెప్పుకున్న రాజులవి. ఆ దారిలో కృష్ణుడి దాకా పోతారు. మథుర, గోవర్ధనం మధ్య బతికేవాళ్ళు కృష్ణుణ్ణి తమవాడనుకోవడంలో వింత ఏముంది? అల్ బిరూనీ 1030 ప్రాంతంలో భారతదేశం గురించి రాస్తూ, కృష్ణుడు పుట్టిన ఇంటిని పశువులు కాచుకునే జట్ట కుటుంబం అన్నాడు. అంటే ఈ ముడి అప్పటికే కొందరి నోళ్ళలో ఉంది. కానీ తండ్రి, కొడుకు, మనవడు అని తెగకుండా చెప్పే వంశావళి మాత్రం భట్టుల పాటల్లోదే, శాసనాల్లోది కాదు.

దీనికి మనం చిన్నచూపు చూడాల్సిన పని లేదు. విజయనగరం స్థాపించిన సంగమ వంశం వాళ్ళూ తమ శాసనాల్లో యదువు నుంచే మొదలుపెట్టారు. శ్రీకృష్ణదేవరాయల తుళువ వంశం తుర్వసుడి పేరు చెప్పుకుంది. మెకంజీ దొర మన ఊళ్ళల్లో రాయించిన కైఫీయత్తులు, అంటే ఊరి చరిత్రలు, చదవండి, చిన్న పాలెగాడి వంశం కూడా ఎంత ఎత్తు నుంచి దిగుతుందో! రాజ్యం నిలబడ్డాక పురాణంలో ఒక తాతను వెతుక్కోవడం దేశమంతా ఉన్న పద్ధతి. కాబట్టి మీ వియ్యంకులు ఆ మాట చెప్పినప్పుడు అది వాళ్ళ ఇంటి నమ్మకమని గౌరవంగా వినండి.

అయితే రుజువులున్న చరిత్ర 17వ శతాబ్దం నుంచి దొరుకుతుంది, మీరు తప్పకుండా తెలుసుకోవాల్సింది అది. 1669లో మథుర ప్రాంతపు రైతులు మొఘల్ ఫౌజ్‌దార్ల (సైన్యంతో ప్రాంతాన్ని చూసే అధికారుల) వసూళ్ళు భరించలేక తిరగబడ్డారు. ముందు నిలిచినవాడు తిల్‌పత్ జమీందారు గోకులా. ఫౌజ్‌దారు అబ్దున్ నబీ ఆ పోరులో చచ్చాడు. 1670 జనవరిలో గోకులాను ఆగ్రాలో ఘోరంగా చంపారు. జనం అణిగిపోలేదు. సిన్‌సినీ నుంచి రాజారామ్ లేచాడు. చెదిరిన గోత్రాలను, ముఖ్యంగా సోగర్ ఊరి జాట్లను తనతో కలుపుకున్నాడు. అడవుల్లో మట్టికోటలు కట్టించాడు. 1688లో ఆగ్రా దగ్గర సికంద్రాలో అక్బర్ సమాధిని దోచాడు. అదే ఏడాది యుద్ధంలో పోయాడు. 1690లో మొఘలులు, ఆమేర్ రాజు కలిసి సిన్‌సినీని పట్టుకున్నారు.

అంత ధైర్యం ఎలా వచ్చిందంటే, ఔరంగజేబు అప్పుడు అక్కడ లేడు. పెద్ద సైన్యంతో మన వైపు ఉన్నాడు. 1686లో బీజాపూర్, 1687లో గోల్కొండ తీసుకున్నాడు. మీ ఆదోని కోటను సిద్ది మసూద్ ఖాన్ నుంచి మొఘలులు తీసుకున్నది రాజారామ్ సికంద్రా మీద పడిన ఏడాదిలోనే. బాద్‌షా దక్కనులో చిక్కుకోవడం వల్లే ఆగ్రా పక్కన రైతులకు ఊపిరి అందింది. మీ రెండు ఊళ్ళ చరిత్రలు అప్పుడే ఒకదానికొకటి తగిలాయి. ఆ పెదనాన్నగారికి ఈ మాట చెప్పి చూడండి.

రాజారామ్ తర్వాత చూరామన్. ఆయన థూన్ కోటను జైపూర్ సవాయ్ జైసింగ్ 1716 నుంచి చాలాకాలం ముట్టడించినా తీసుకోలేకపోయాడు. చివరికి కోట పడింది 1722లో, అదీ ఇంటి తగాదా వల్ల. చూరామన్ అన్నదమ్ముల కొడుకు బదన్ సింగ్ జైసింగ్ పక్షాన చేరాడు. డీగ్‌లో రాజ్యం నిలిపింది ఆయనే. ఆయన వారసుడు సూరజ్‌మల్, 1707లో పుట్టినవాడు. భరత్‌పూర్ కోట కట్టించినవాడు, 1761లో ఆగ్రా కోట తీసుకున్నవాడు. మీ వియ్యంకులు చెప్పింది అక్షరాలా నిజం. అదే ఏడాది పానిపట్టులో ఓడి, చలిలో ఆకలితో పారిపోయి వస్తున్న మరాఠాలకు సూరజ్‌మల్ తిండి, బట్ట, మందులిచ్చి సాగనంపాడు. అంతకుముందు వాళ్ళతో ఆయనకు మాట పట్టింపులు ఉన్నాయి, వాళ్ళు ఆయన కుంభేర్ కోటను ముట్టడించినవాళ్ళు కూడా. అయినా చేశాడు. ఆ వంశంలో నేను అన్నిటికంటే మెచ్చుకునేది ఇది. 1763 డిసెంబర్ 25న రోహిల్లా నాయకుడు నజీబుద్దౌలా సైన్యంతో ఢిల్లీ దగ్గర జరిగిన పోరులో పోయాడు.

1805లో ఇంగ్లీషు సేనాని లేక్ భరత్‌పూర్ మీద నాలుగుసార్లు దాడి చేసి నాలుగుసార్లూ వెనక్కి తగ్గాడు. ఇంగ్లీషు వైపు చనిపోయినవాళ్ళు, గాయపడ్డవాళ్ళు కలిసి మూడు వేలు దాటారు. కోట గోడలు మందమైన మట్టివి, ఫిరంగి గుండ్లు వాటిలో దిగబడిపోయేవి, చుట్టూ నీళ్ళ కందకం. ఇక్కడ మన్రో దత్తమండలాల్లో పాలెగాళ్ళను ఒక్కొక్కర్నీ అణచివేస్తున్న కాలం అది. భరత్‌పూర్ పడింది 1826లో.

రాజ్యం చేసిన గౌరవానికి వాళ్ళు ఈ మధ్య మూల్యం కూడా చెల్లించారు. 1999లో రాజస్థాన్ జాట్లను కేంద్ర ఓబీసీ జాబితాలో చేర్చినప్పుడు భరత్‌పూర్, ధోల్‌పూర్ జిల్లాలను వదిలేశారు, అక్కడ ఏలినవాళ్ళు జాట్లేనని. ఆ ఇంట్లో చదువుకున్న కుర్రవాళ్ళతో ఈ విషయం ఎత్తేటప్పుడు కొంచెం చూసుకోండి, వాళ్ళకు అది మంట.

ప్రొద్దుటూరు ఆడపడుచు, ఆగ్రా:

అక్కా, మా ఆయన ఉద్యోగం వల్ల ఆగ్రాలో ఉంటున్నాం. మాస్టారు యుద్ధాలు చెప్పారు కాబట్టి నేను ఇంటి సంగతులు చెబుతాను.

వాళ్ళు ఇంట్లో మాట్లాడేది బ్రజ్, సినిమా హిందీ కాదు. సినిమాల్లో చూసే హర్యానా జాట్ల గరుకు మాటతో పోల్చుకోవద్దు, ఇది వినడానికి మెత్తగా ఉంటుంది. భరత్‌పూర్ అంటే రాముడి తమ్ముడు భరతుడి పేరు, రాజుల ఇలవేల్పు లక్ష్మణుడు. ఊరి నడుమ లక్ష్మణుడి గుడి ఉంది, మన వైపు ఆయనకు విడిగా గుడి నేను చూడలేదు.

తిండి విషయం ముందే అడగండి. ఆ వైపు జాట్ల ఇళ్ళల్లో చాలావాటిలో మాంసం వండరు. వియ్యంకులొస్తున్నారని పొట్టేలు తెగ్గొట్టించేరు, జాగ్రత్త. చలికాలమైతే సజ్జరొట్టె, ఆవకూర, మజ్జిగ పులుసులా ఉండే కఢీ, నెయ్యి ధారాళంగా పోస్తారు. గౌరవమైన చుట్టానికి నెయ్యి, బూరా చక్కెర కలిపి పెడతారు. మన జొన్నరొట్టె, పప్పు, ఓళిగలు చేస్తే వాళ్ళు హాయిగా తింటారు.

ఒక్క విషయం మాత్రం మీరు మొహమాటం లేకుండా అడగాలి. పల్లెల్లో కోడళ్ళు పెద్దల ముందు కొంగు ముసుగు వేసుకుంటారు. గురుగ్రామ్‌లో ఉన్నన్నాళ్ళూ ఏమీ ఉండదు. ఊరికి పోయినప్పుడు పాప నుంచి ఏం ఆశిస్తారు, ఉద్యోగం విషయంలో ఏమంటారు, ఇవి పెళ్ళికి ముందే తేలాలి. తర్వాత అడిగితే గొడవ అవుతుంది. పాపకు చెప్పండి, సూరజ్‌మల్ భార్య రాణి కిశోరి హోడల్ నుంచి వచ్చిన కోడలు. భర్త పోయాక రాజ్య వ్యవహారాల్లో ఆమె మాట చెల్లింది. భరత్‌పూర్ కోటలో ఆమె పేరుతో కిశోరి మహల్ ఇప్పటికీ ఉంది. ఆ ఇళ్ళల్లో గట్టి ఆడవాళ్ళకు లోటు లేదు.

మీరు అటు పోయినప్పుడు డీగ్ మహల్ చూడకుండా రావద్దు. పైన రాతి తొట్టి, దాని కిందికి గొట్టాలు, వాటి నుంచి తోటంతా ఫౌంటెన్లు. పండగలకు రంగునీళ్ళు చిమ్మిస్తారు. కరెంటు లేని కాలంలో నీళ్ళను అలా ఆడించారంటే, నాకు సికంద్రా దోపిడీ కంటే అదే గుర్తుంటుంది.

కర్నూలు టీచరమ్మ:

ఇంత ఓపికగా రాసిన మీ అందరికీ చేతులెత్తి దణ్ణం పెడుతున్నాను. మా వారికి, మరిదికి చదివి వినిపించాను. ఆదోని మాట వినగానే మా వారు లేచి కూర్చున్నారు, వాళ్ళ అమ్మగారిది ఆదోనే.

ఇంకో భయం ఉంది. ఖాప్ పంచాయతీల గురించి, అంటే వాళ్ళ కులపెద్దల పంచాయతీల గురించి, వార్తల్లో చదివాను. అలాంటిదేమైనా వస్తుందా?

చరిత్ర మాస్టారు, అనంతపురం:

మీరు చదివిన వార్తల్లో ఎక్కువ భాగం హర్యానా, పశ్చిమ ఉత్తరప్రదేశ్‌వి. చాలావరకు ఒకే గోత్రంలోనో, ఒకే ఊళ్ళోనో పెళ్ళి చేసుకున్న జంటల మీద జరిగినవి. 2007లో హర్యానాలో ఒకే గోత్రం జంటను చంపిన కేసు దేశాన్ని కుదిపింది. మీ పాప విషయంలో గోత్రం గొడవే లేదు, పైగా అబ్బాయి ఇంటి పెద్దలే కదిలి వస్తున్నారు. మేజర్లయిన ఇద్దరి పెళ్ళిలో ఖాప్ జోక్యం చట్టవిరుద్ధమని 2018లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. వాళ్ళ పద్ధతిలో ఒకటి, మన పద్ధతిలో ఒకటి చేసినా, ప్రత్యేక వివాహ చట్టం కింద రిజిస్ట్రేషన్ మాత్రం చేయించండి.

మాజీ సుబేదార్, కడప:

ఒకటి మర్చిపోకుండా చెప్పాలమ్మా. వాళ్ళకు జాగా అని వంశం రాసేవాళ్ళు ఉంటారు. మన వైపు పిచ్చుకుంట్లవాళ్ళు, ఇప్పుడు వంశరాజులంటున్నామే, వాళ్ళు రెడ్ల ఇళ్ళకొచ్చి గోత్రాలు, ఇంటిపేర్లు పాడేవాళ్ళు కదా. జాగా కూడా కొన్నేళ్ళకోసారి పొడుగాటి పోథీ, అంటే వంశం రాసిన పుస్తకం, మోసుకుని వస్తాడు. ఇంట్లో పుట్టినవాళ్ళను అందులో ఎక్కిస్తాడు, తాతముత్తాతల పేర్లు చదివి వినిపిస్తాడు. ధాన్యం, బట్టలు, డబ్బు ఇచ్చి పంపుతారు. మా హవల్దార్ ఇంట్లో చదివినప్పుడు నేనూ కూర్చున్నాను. కోడలు ఏ ఊరి నుంచి, ఏ గోత్రం నుంచి వచ్చిందో కూడా చదివాడు. మీకు మూడు తరాల సంగతి కావాలంటే వియ్యంకుల్నే అడగండి, సంతోషంగా చెబుతారు. వంశం గురించి అడిగితే వాళ్ళు తప్పుగా అనుకోరు, అడగకపోతేనే వింతగా చూస్తారు.

కర్నూలు టీచరమ్మ:

ఇది వినగానే పాపకు ఫోన్ చేశాను. మేనరికం సంగతి తను అబ్బాయికి ఎప్పుడో చెప్పిందట. అతను నిన్న వాళ్ళ అమ్మకు చెప్పాడు. ఆమె కాసేపు ఏం మాట్లాడలేదట, తర్వాత "అయితే వాళ్ళ ఇంట్లో భాత్ ఎవరు తెస్తారు?" అని మాత్రం అడిగిందట. మా అన్న నంద్యాలలో ఉన్నాడు. ఆయనే తెస్తాడని చెప్పమన్నాను.

పోథీ గురించి పెద్దవాళ్ళు వచ్చినప్పుడు నేనే అడుగుతాను. అందులో ఊరు, గోత్రంతో పాటు పాప పేరు కూడా రాయించమంటాను. మా ఇంటిపేరు తెలుగులో ఎలా పలకాలో కాగితం మీద హిందీలో రాసిస్తాను.